మామగారి అరుగు మీద ఇంగ్లీషు ఆదివారాలు

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి నడుం వాల్చానో లేదో, పక్క గదిలోంచి మా మనవరాలి గొంతు వినిపించింది. ఫోనులోంచి ఓ ఆడగొంతు నిన్న ఏం చేశావని ఇంగ్లీషులో అడుగుతుంటే, ఈ పిల్ల మంచం మీద బోర్లా పడుకుని, ‘ఐ వెంట్ టు ద బీచ్ విత్ మై ఫ్రెండ్స్, వియ్ శాట్ ఆన్ ద వాల్, వియ్ కేమ్ బ్యాక్ బై బస్’ అని గడగడా చెప్పేస్తోంది. అవతల ఉన్నది మనిషి కూడా కాదట, యంత్రమేనట. నాకు ముద్దు రావాలి కదా, రాలేదు, ఈర్ష్య వచ్చింది. డెబ్బై దాటిన తాత మనవరాలి మీద కుళ్లుకోవడమేమిటని నవ్వుకోకండి. గో, వెంట్, గాన్ అని మూడు రూపాలూ వల్లించి, తీరా నోరు తెరవాల్సి వచ్చేసరికి చెమటలు పట్టిన మన ఈడు తెలుగు మీడియం వాళ్లకి నా బాధ అర్థమవుతుంది.

ఆ కుళ్లు మొదలైంది భీమిలిలో, మా మామగారి అరుగు మీద. ఆయన హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మాస్టారు. నేను తగరపువలస దగ్గర వ్యవసాయం చేసుకునే ఇంట్లోంచి వచ్చి స్టీల్ ప్లాంటులో చేరి, ఆయన రెండో అమ్మాయిని చేసుకున్నాను. ఆ ఇంట్లో ఓ వింత ఆచారం ఉండేది. ఆదివారం అల్లుళ్లిద్దరూ భోజనానికి వెళితే, చేపల పులుసు తిన్న చెయ్యి ఆరకముందే మామగారు పడక కుర్చీలో వెనక్కి వాలి, ఆ వారం ఏం జరిగిందో ఇంగ్లీషులో చెప్పమనేవారు. రేపు చేయబోయేది వద్దు, జరిగిపోయిందే కావాలి. ఒట్టి ‘వెంట్’ అంటే ఒప్పుకునేవారు కాదు, ఎక్కడికి, ఎవరితో, ఎందులోంచి ఎందులోకి అన్నది కూడా ఆ మాటకి తగిలించాలి. మనకి ఇంటికి, గోడ మీద, బస్సులోంచి అని మాట వెనకాలే అంటుకుని వచ్చేవన్నీ ఇంగ్లీషులో మాటకి ముందుకొచ్చి నిలబడతాయి కదా, నా బుర్ర వాటి కోసం వెతుక్కునేలోపు చెప్పాల్సిన సంగతి జారిపోయేది.

మా తోడల్లుడికి ఆ గొడవే లేదు. వాళ్లది కృష్ణా జిల్లా. తండ్రి పోర్టు ఉద్యోగానికొచ్చి ఇక్కడే స్థిరపడిపోతే ఈయనా అందులోనే చేరారు. ఓడలెక్కి సరుకు దింపించే పని, రోజూ పై దేశాల నావికులతో మాటలు. ‘క్లైమ్డ్ అప్ ద లాడర్, లుక్డ్ డౌన్ ఇంటు ద హోల్డ్, షౌటెడ్ ఎట్ ద మేట్’ అంటూ ఆయన మొదలుపెడితే నిచ్చెనెక్కడం, ఓడ అడుగుకి తొంగిచూడటం, అక్కడి ఆఫీసరు మీద అరవడం అన్నీ మా కళ్ల ముందే జరిగిపోయేవి. మామగారు తొడ చరిచి ‘వెల్ సెడ్!’ అనేవారు. ఇంగ్లీషు ముక్క రాని మా ఆవిడ కూడా గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. నా వంతు వచ్చేసరికి వారం మొత్తం మూడు ముక్కల్లో అయిపోయేది, డ్యూటీకి వెళ్లాను, మిల్లులో పని చేశాను, ఇంటికి వచ్చాను. మామగారు మర్యాదగా తల ఊపి, పెద్దల్లుడి వైపు తిరిగిపోయేవారు.

నేనూ ఊరుకోలేదు. గాజువాకలో బస్సెక్కింది మొదలు భీమిలి దాకా పెదవులు కదుపుతూ సాధన చేసేవాణ్ణి. ఓసారి పక్క సీటు పెద్దాయన నేనేదో స్తోత్రం చదువుతున్నాననుకుని, అయ్యేదాకా ఆగి, టైమెంతయిందని అడిగాడు. ఇంతా చేసి అరుగెక్కగానే అంతా ఆవిరి.

ఆ మధ్యలోనే అది జరిగింది. మిల్లులో ఎర్రగా కాలిన ఇనుప కడ్డీ ఒకటి రోలర్ల మధ్య నుంచి ఎగిరి, పాములా మెలికలు తిరుగుతూ నా మీదికే వచ్చింది. వెనక్కి దూకాను గనక బతికాను. పాదం మీద మాత్రం చురక పడింది. ఆదివారం నాడు భీమిలి బస్టాండు దగ్గర స్కూటర్ ఆపుకుని తోడల్లుడు కనిపిస్తే ఆయనకి తెలుగులో పూసగుచ్చినట్టు చెప్పాను. ఈ వారం నా దగ్గర నిజంగా చెప్పదగ్గ కథ ఉందన్న సంబరంతో అరుగెక్కాను. ‘రాడ్ కేమ్ అవుట్’ అన్నాను. దేన్లోంచి, ఎక్కడికి అని మామగారు అడిగారు. ‘ఫ్రమ్... ఫ్రమ్...’ అంటూ అక్కడే తిరిగాను. అప్పుడు మా తోడల్లుడు, నాకు సాయం చేస్తున్నాననే అనుకుని, అందుకున్నారు. ‘ఇట్ జంప్డ్ ఆఫ్ ద రోలర్స్, ఫ్లూ ఓవర్ హిజ్ హెడ్, కర్ల్డ్ రౌండ్ ద పిల్లర్’ అంటూ చేతులు తిప్పి చెబుతుంటే, నా తల మీంచి ఎగరని కడ్డీ కూడా ఎగిరింది, మిల్లులో లేని స్తంభం కూడా చుట్టుకుంది. మా ఆవిడ గుండెల మీద చెయ్యి వేసుకుని గుడ్లప్పగించి చూస్తోంది, చావు తప్పిన నన్ను కాదు, చెబుతున్న ఆయన్ని. ఆ క్షణాన ఆ మనిషి నోరు పడిపోతే బాగుండునని మనస్ఫూర్తిగా కోరుకున్నాను.

సాయంత్రం తోడల్లుడు స్కూటర్ మీద వెళ్లిపోయారు. మా ఆవిడ ఆ వారం పుట్టింట్లో ఉండిపోయింది. నాతో పాటు మామగారు బస్టాండు దాకా నడిచొచ్చారు. వీధి మలుపు తిరిగాక ఆగి, “కుంటుతన్నావేటల్లుడూ? కాలికేటైనా తగిలిందేటి?” అన్నారు. అరుగు దిగితే ఆయన భాష అది. ఆ రోజు నుంచి ప్రతి ఆదివారమూ దింపడానికి వచ్చేవారు. నాకది ఓడిపోయినవాడికిచ్చే పిప్పరమెంటులా ఉండేది.

మొన్న మనవరాలి ఇంగ్లీషు విన్న ఆ సాయంత్రమే మా తోడల్లుడు మా ఇంటికొచ్చారు. మామగారు పోయి ఎన్నేళ్లో అయింది, అరుగున్న ఇల్లు అమ్మేశారు. మనవరాలు ఈయనతో ఇంగ్లీషు కలిపితే ఇప్పటికీ అదే ధార, ఆ పిల్ల “తాతగారు భలే మాట్లాడతారు!” అని నాకే చెప్పి లోపలికి పోయింది. నా కడుపు యథాప్రకారం మండింది. ఆయన మాత్రం కాఫీ గ్లాసు పక్కన పెట్టి, “తమ్ముడూ, ఆ రోజుల్లో మామగారు నిన్ను బస్టాండు దాకా దింపేవారు కదా, దారిలో ఏం మాట్లాడేవారు?” అన్నారు. మళ్లీ ఆయనే అన్నారు, “నాతో ఆయన పోయేదాకా ఇంగ్లీషే. బాగా చెప్పావని ఎన్నిసార్లన్నారో గాని, బాగున్నావా అని ఒక్కసారీ అడగలేదయ్యా. నిన్ను చూస్తే ఒళ్లు మండేది నాకు.”

ఆ దారి పొడుగునా మామగారు మాట్లాడింది ఈయన గురించే మరి. చేపల ధరలంటూ ఏదో చెప్పి తప్పించుకోవచ్చు. ఆయన మీద పైచేయి అంటూ నాకున్నది ఆ నడక ఒక్కటేనని అప్పుడే తెలిసింది, అది కూడా ఇచ్చేయమంటే ప్రాణం ఒప్పలేదు. అయినా చెప్పాను, మామగారి మాటల్లోనే చెప్పాను. “తడి నిచ్చెన్లెక్కుతన్నాడంట, జారిపోతాడేమోనని నాకు గుండె దడగా ఉంటాది. జాగర్తని సెప్దావంటే, ఆడంత ఇంగ్లీసు మాటాడతాడు, నాను బళ్లో పిల్లలతో తప్ప ఎవుల్తోనూ ఇంగ్లీసు మాటాడినోణ్ణి కాదు. తెలుగులో సెప్దావంటే మన ఈ యాస ఇంటే ఏటనుకుంటాడో, సిగ్గేత్తాది.” చెబుతున్నంతసేపూ నాకు మంటగానే ఉంది.

ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

ఇప్పుడు ఇంగ్లీషు ఇంటింటా ఉంది, ఎవరికీ చెమటలు పట్టడం లేదు. ఆదివారం భోజనాలయ్యాక ఎవరి గదిలోకి వాళ్లు పోతారు. ఈ వారం ఏం జరిగిందని ఒకరినొకరు అడిగేది లేదు. నేను తోడల్లుణ్ణి చూసి, ఆయన నన్ను చూసి, మామగారు ఆయన్ని చూసి ఏళ్ల తరబడి కుళ్లుకున్నామంటే, వారం వారం ఆ చిన్న అరుగు మీద ఒకరి పక్కన ఒకరం కూర్చున్నాం గనకే కదా! ఇప్పుడు కుళ్లుకుందామన్నా మిగిలింది మేమిద్దరమే.