ఆవకాయ గిన్నె కడిగిన చోట

మా బాల్కనీలో మందారం కుండీ మట్టి మీద ఈ పొద్దున తెల్లటి పొర కనిపించింది. వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పగా ఉంది. వెంటనే పొదిలి దగ్గర మా మిరపచేను గుర్తొచ్చింది.

అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. బడి లేని రోజుల్లో చేలో ఉన్న నాన్నకి అన్నం తీసుకెళ్ళేదాన్ని. ఆయన తిన్నాక ఆవకాయ గిన్నె గట్టు పక్కన ఒకేచోట కడిగేదాన్ని. చేనంతా మొక్కలు నా నడుం దాకా పెరిగినా, అక్కడ మాత్రం జానెడే ఎదిగి ఆకులు పసుపెక్కాయి. ఒకరోజు నాన్న అక్కడ కూర్చుని, చిటికెడు మట్టి నోట్లో వేసుకుని ఉమ్మేశాడు.

“ఒట్టి ఉప్పే” అన్నాడు.

“నేనే నాన్నా! ఆవకాయ గిన్నె ఇక్కడే కడిగాను” అని ఏడ్చేశాను.

నాన్న పడీపడీ నవ్వాడు. “ఓసి పిచ్చిదానా! ఇది చవుడు నేల. మీ తాత నాటి నుంచీ ఈ ముక్క ఇంతే. చేను ఒకటే అయినా మట్టి అంతా ఒకటి కాదమ్మా. నీ గిన్నెడు నీళ్ళకే పాడవుద్దా?”

నేను నమ్మలేదు. మర్నాడు గిన్నె పట్టుకుని దూరంగా బోరు దగ్గరికి వెళ్తుంటే నాన్న దాన్ని లాక్కున్నాడు. ఆ గిడసబారిన మొక్కల మధ్యే, నా వంక చూస్తూ, తీరిగ్గా కడిగాడు. నేను ఇంటిదాకా గెంతుకుంటూ వెళ్ళాను.

చవుడుకి ఇంకాస్త ఉప్పు పోస్తే మంచిది కాదని నాన్నకి తెలియదా? ఆ పూటకి మొక్కల్ని వదిలేసి నన్ను చూసుకున్నాడు.