మరిదికి పెట్టనివ్వని మిషను

ఆరేళ్లుగా రెండు అబద్ధాలు మోస్తున్నాను. ఒకటి డాక్టరుతో చెప్పాను, ఇంకొకటి ఇంటివాళ్లతో. పిల్లలు పడుకున్నారు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది బోగోలు దగ్గర సముద్రం ఒడ్డు ఊరు. మా ఆయనకు ఒక్కడే తమ్ముడు. చెన్నై వైపు పడవల మీద పనికి వెళ్లి, నెలకో రెండు నెలలకో ఇంటికొచ్చేవాడు. వచ్చాడంటే నా కూతురు అతని ఒడి దిగేది కాదు. చేపలో ముళ్లు తీసి తన కంచంలోంచే తినిపించేవాడు. "ఇంగిలీసు నువ్వు నేర్పుకో వదినా, పులుసు తినేది మాత్రం నేను నేర్పతా" అని నన్ను ఆటపట్టించేవాడు. ఒకసారి రొయ్య ముల్లు గుచ్చుకుని పాప వేలికి నెత్తురొస్తే, ఆ వేలు నోట్లో పెట్టుకుని చప్పరించి, ఊదాడు. అప్పుడు నేను నవ్వాను.

ఆ తర్వాత కొన్నాళ్లకు దగ్గు, జ్వరం అంటూ వచ్చాడు. చూస్తుండగానే ఊపిరాడని స్థితికి చేరాడు. నెల్లూరులో చూసి చెన్నై తీసుకుపొమ్మన్నారు. అక్కడ వెంటిలేటరు పెట్టారు. డాక్టరమ్మకు తెలుగు రాదు. "నువ్వు చదువుకున్నదానివి, నువ్వే పొయ్యి కనుక్కో" అన్నాడు మా ఆయన. అలా ఐసీయూ తలుపు దాటి లోపలికి వెళ్లి మాట్లాడే మనిషిని నేనొక్కదాన్నే అయ్యాను.

అతనికి హెచ్ఐవీ ఉందని ఆవిడ నాతోనే చెప్పింది. దానివల్లే ఊపిరితిత్తులు ఇంతగా పాడయ్యాయంది. ఆ సంగతి అతనికి కూడా తెలిసినట్టు లేదంది. ఎక్మో అనే మిషను ఉంది, గొట్టాల్లోంచి రక్తాన్ని బయటికి తీసి, ప్రాణవాయువు కలిపి తిరిగి ఒంట్లోకి పంపుతుంది, ఈలోగా మందులకు పనిచేసే సమయం దొరుకుతుంది అని వివరించింది. ఒకప్పుడు ఈ జబ్బున్నవాళ్లకు ఆ మిషను పెట్టడానికి వెనకాడేవాళ్లట. ఇప్పుడు ఆ జబ్బుకు మంచి మందులున్నాయి, వయసు చిన్నది, హామీ ఇవ్వలేను గానీ ప్రయత్నించాలి అంది. ఇంట్లో అడిగి వెంటనే చెప్పమంది.

నేను విన్నది మాత్రం ఒక్క మాటే. ఎక్కడ తెచ్చుకున్నాడు? అతనికి తెలియకుండా ఎలా ఉంటుంది? తెలిసే నా కూతురి వేలు నోట్లో పెట్టుకున్నాడా? అతని నెత్తురు గొట్టాల్లో తిరుగుతున్నట్టు కళ్ల ముందు కనిపించింది. డాక్టరమ్మను కూడా నమ్మలేదు. కొత్త మిషను పరీక్షించి చూడడానికి ఎవరో ఒక మనిషి కావాలేమో అనుకున్నాను.

బయట బెంచీ మీద మా అత్త, మా ఆయన కూర్చుని ఉన్నారు.

"ఏమనిందిమే డాక్టరమ్మ?" అంది అత్త.

"పెద్ద మిషను ఒకటుండాదంట అత్తా. మనోడికి పెట్టరంట. ఆ దశ దాటిపోయిందంట."

"ఇంకోసారి అడగరాదూ? నేనొచ్చి కాళ్లు పట్టుకుంటా."

"అడిగినాను అత్తా."

"గమ్మునుండు మా," అన్నాడు మా ఆయన. "అది అడక్కుండా వస్తదా?"

మళ్లీ లోపలికి వెళ్లాను. ఇంట్లోవాళ్లు వద్దంటున్నారని ఇంగ్లీషులో చెప్పాను. డాక్టరమ్మ నా మొహం వంక చూసి, "అందరూనా?" అని అడిగింది. అందరూ అన్నాను. పక్కనే గూడూరు నుంచి వచ్చిన తెలుగు నర్సు నిలబడి ఉంది. మర్నాడు నా మరిది పోయాడు.

ఆ నర్సు బయటికొచ్చి మా వాళ్లతో ఏమైనా చెప్పిందా? ఈ అనుమానం నన్ను ఇప్పటికీ వదల్లేదు. మొన్న చర్చి నుంచి వస్తూ మా అత్త, "ఆ గూడూరు పిల్ల శానా మంచిది మే" అంది. అంతే, ఇంకేమీ అనలేదు. ఎందుకంది? నన్ను చూసి అందా, ఊరికే అందా? ఆమె నా చేతి అన్నం తింటున్నప్పుడల్లా ఆమె కళ్లు చూస్తుంటాను.

ఎవరికీ చెప్పకుండా పాపకు రెండుసార్లు పరీక్ష చేయించాను. ఏమీ లేదు. ఉండదని నాకు తెలుసు కూడా. డిగ్రీలో జువాలజీ చదివాను. ఆ జబ్బు కంచంలోంచి రాదని, ముద్దు పెట్టుకుంటే రాదని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. మరి ఆ రోజు ఆ చదువు ఏమైంది?

పాప కోసం చేశానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. ఇప్పుడు ఆ మాట మీద కూడా అనుమానమే. అతను బతికి ఇంటికొస్తే మళ్లీ మా మధ్య కూర్చుని పాపను ఒళ్లోకి పిలుస్తాడు. అందరి ముందు వద్దని ఎలా అనాలి? ఆ ఇబ్బంది రాకూడదనుకున్నానేమో. ఒక మనిషి ప్రాణం కంటే నాకది పెద్దదైందేమో. అతను తెలిసే దాచాడని తీర్పు చెప్పాను గానీ, కళ్లు తెరిచి నాకు జవాబు చెప్పే అవకాశం అతనికి మిగల్చలేదు.

ఆ మిషను పెట్టినా బతికేవాడో లేదో ఎవరికీ తెలియదు. ఇన్నాళ్లూ ఆ మాట చాటున దాక్కున్నాను. మా అత్తకు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు, వస్తుందని మాట కూడా ఇవ్వలేను. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఒక్కసారైనా ఉన్నది ఉన్నట్టు రాయాలనుకున్నాను, అంతే. డాక్టరు పెడతానంది. తల్లి కాళ్లు పట్టుకుంటానంది. అన్న నా మాట నమ్మాడు. వద్దన్నది నేను.