ఊపిరి మాంత్రికుడికి నిప్పుముద్ద

యూనిఫారాలు కుట్టే వర్క్‌షాపులో కత్తెర మాస్టారుకు ఉన్న పేరల్లా గుడ్డ మిగల్చడంలోనే. పొడవాటి బల్ల మీద బట్టను పొరలు పొరలుగా పరిచి, అట్ట నమూనాలను అటు తిప్పి ఇటు తిప్పి, కాలరు పక్కన జేబు, జేబు పక్కన పట్టీ ఇరికించి సుద్దముక్కతో గీశాడంటే, మిగిలే పీలికలు బొమ్మ గౌనుకు కూడా చాలవు. మనిషిని ఎదురుగా నిలబెట్టి టేపు పట్టిన రోజులు ఎప్పుడో పోయాయి. ఇప్పుడు ఆయనకు తెలిసిన మనుషులు చిన్న, మధ్య, పెద్ద. ఆ చేత్తోనే బావమరిది తయారుచేసుకున్న మాంత్రికుణ్ని కూడా కత్తిరించాడు. అదే ఇప్పుడు ఆయన్ని లోలోపల కోస్తోంది.

ఆ మాంత్రికుడు ఒక ఆటలోని మనిషి. ఆదివారం మధ్యాహ్నం పళ్లావిడ గదిలో నలుగురైదుగురు చేరి ఆడే ఆట అది. పళ్లావిడంటే కట్టుడు పళ్లు తయారుచేసే ఆవిడ. గది చుట్టూ అలమరల్లో పాలరంగు దవడలు నోళ్లు తెరుచుకుని కూర్చుంటాయి, మధ్యలో బల్ల. ఆవిడ కథ నడుపుతుంది: ఇదిగో కొండ, ఇదిగో గుహ, లోపల ఏదో కదిలింది, ఏం చేస్తారు? ఒకడు కత్తివీరుడు, ఒకడు దొంగ, ఒకడు మాంత్రికుడు. ఎవరి మనిషి ఏం చేస్తాడో వాళ్లే చెప్పాలి. చేసింది పారిందో లేదో పాచికలు చెబుతాయి.

మాంత్రికులకు పళ్లావిడ రెండు షరతులు పెట్టింది. ఎవరికైనా మూడే విద్యలు, ఆ మూడూ ఆ మనిషి కథలోంచే పుట్టాలి. ఇక ఏ మంత్రం ఎలా పలకాలో అలాగే పలకాలి. గర్జించాల్సింది గర్జించాలి, చెవిలో ఊదాల్సింది లేచి వెళ్లి చెవిలో ఊదాలి. బల్ల మీద ఇసుక గడియారంలో ఇసుక జారిపోయేలోగా మంత్రం నోట రాకపోతే ఆ వంతు పోయినట్టే.

బావమరిదిని ఆ బల్ల దగ్గరికి తీసుకెళ్లింది మాస్టారే. నంబర్ ప్లేట్లు రాసే దుకాణంలో పని అతనిది. కుంచె పట్టుకుంటే అంకెలు అచ్చేసినట్టు పడతాయి. నోరు తెరిస్తే మొదటి అక్షరం దగ్గరే బండి ఆగిపోతుంది. చిన్నప్పటి నుంచీ నత్తి. ఆ ఆగిన చోట మాట అందించడం మాస్టారుకు పెళ్లయిన కొత్తల్లోనే అలవాటైంది. "నీ... నీ..." అంటే "నీళ్లా?", "డా... డా..." అంటే "డాబా మీదా?" అందించడం మర్యాదనే అనుకున్నాడు, ఇన్నాళ్లూ.

మొదటి ఆదివారం బావమరిది ఊరికే చూడ్డానికి వచ్చాడు. పళ్లావిడ ఊరుకోక, గుహ వాకిట్లో ఉండే దయ్యం పాత్ర ఇచ్చింది. ఆ దయ్యం గుసగుసగానే మాట్లాడాలి. అతను లేచి, దొంగగా ఆడే కొరియర్ కుర్రాడి చెవి దగ్గర వంగాడు. ఏం చెప్పాడో గానీ చాలాసేపు చెప్పాడు. కొరియర్ బల్ల మీద తల పెట్టుకుని నవ్వాడు.

"మాస్టారూ, ఈ దయ్యాన్ని ఇన్నాళ్లూ ఎక్కడ దాచారు?"

"మా ఇంటావిడ తమ్ముడండీ. నోట్లో నాలుక లేనివాడు."

"నాలుక లేకపోవడమేంటి? నా చెవిలో కత్తిలా తిరిగితేనూ."

అందరూ నవ్వారు. మాస్టారూ నవ్వాడు. ఒక్క ముక్క కూడా ఎక్కడా ఆగకుండా ఎలా చెప్పగలిగాడన్నది మాత్రం ఆయన బుర్రకు తట్టలేదు.

ఆ వారమంతా కూర్చుని బావమరిది తన మాంత్రికుణ్ని తయారుచేసుకున్నాడు. కాగితం మీద రాసి బావ చేతికిచ్చాడు. ఆ మాంత్రికుడు నది దాటడానికి తన గొంతును పడవవాడికి కూలిగా ఇచ్చేశాడు. అతనికి మిగిలింది ఊపిరి. అందుకే ఊపిరితో అయ్యే విద్యలే వస్తాయి. దూరాన ఉన్నవాళ్ల చెవిలో మాట పడేసే గుసగుస ఒకటి. ఎంత పెద్ద దీపాన్నయినా ఊది ఆర్పడం ఒకటి. మంచు కమ్మించడం ఒకటి.

మాస్టారు చదివి తల అడ్డంగా ఊపాడు. "మూడూ ఊదుడేనా? ఇది మాంత్రికుడా, పొయ్యి దగ్గర ఊదుగొట్టమా? మన జట్టులో నిప్పు విసిరేవాడు మానేశాడు. ముందున్నది రాతిపురుగుల గుహ. వాటికి నిప్పొక్కటే భయం. ఈ గుసగుసతో ఏం చేస్తావ్? ఎదురుగా కూర్చున్నవాళ్లతో మాట్లాడ్డానికి మంత్రం దేనికిరా?"

బావమరిది నోరు తెరిచాడు. "స... స..."

"సరేనంటావు, అంతేగా," అని మాస్టారు గుసగుస కొట్టేసి, దాని చోట నిప్పుముద్ద రాశాడు. కథలో కూడా ఒక వాక్యం ఇరికించాడు: పడవవాడు జాలిపడి ఒక్క కేక మాత్రం తిరిగి ఇచ్చాడు. అతుకు కనబడకుండా కుట్టానని మురిసిపోయాడు కూడా. పళ్లావిడ ఫోన్‌లో విని, "అతనికి ఇష్టమేనా?" అని అడిగింది. "ఇష్టం కాకపోతే చెప్పడా?" అన్నాడు మాస్టారు.

తర్వాతి ఆదివారం గుహలోకి దిగారు. రాతిపురుగులు చుట్టుముట్టాయి. కొరియర్ ఆడే దొంగ కాలు విరిగి పడిపోయాడు. వంతు బావమరిదికి వచ్చింది. పళ్లావిడ ఇసుక గడియారం తిప్పింది. నిప్పుముద్దకు మంత్రం పెద్ద కేకగా పలకాలి.

"ని..." అన్నాడు. "ని... ని..."

అతని మెడ మీద నరం లేచింది. ఇసుక జారుతోంది. ఆ గదిలో ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే కాస్త తేలిగ్గా ఉండేదేమో. అందరూ ఎంతో దయగా బల్ల వైపు చూస్తూ కూర్చున్నారు.

"నిప్పుముద్దా!" అని మాస్టారు అరిచేశాడు. ఆట వేడిలో, అలవాటు కొద్దీ.

"అది అతని మంత్రం కదండీ," అంది పళ్లావిడ, మెల్లగా. ఇసుక అయిపోయింది. దొంగ చచ్చిపోయాడు. "పర్లేదు గురూ, ఎలాగూ వీడి మొహం నాకూ విసుగెత్తింది," అని కొరియర్ తన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. బావమరిది నవ్వుతున్నట్టు పెదాలు సాగదీసి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాతి ఆదివారం రాలేదు. పనుందని అక్కకు మెసేజ్ పెట్టాడు.

"పనేం లేదు," అంది మాస్టారు భార్య, ఉతికిన బట్టలు మడతపెడుతూ. "దుకాణం మూసే ఉంది. నేను అటువైపు వెళ్లి చూశాను. ఏం చేశారు వాణ్ని?"

మాస్టారు చెప్పాడు. ఇదంతా జట్టు మేలు కోసమేనన్న మాట ముందు పెట్టి, మెడ నరం సంగతి ఆఖర్న చెప్పాడు. ఆవిడ చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది.

"గుసగుస తీసేసి కేక ఇచ్చారా?"

"ఆటకు పనికొస్తుందనీ..."

"గుసగుసగా మాట్లాడితే వాడికి నత్తి రాదు. చిన్నప్పుడు దుప్పటి కింద దూరి గంటలు గంటలు కబుర్లు చెప్పేవాడు నాకు. మా అమ్మ వచ్చి దుప్పటి లాగితే మళ్లీ మూగవాడు. ఇన్నేళ్లయింది, ఇంట్లో మనిషివి, ఆ మాత్రం చూళ్లేదా నువ్వు?"

ఆవిడ మామూలుగా ఆయన్ని మీరు అంటుంది. నువ్వు అనడం చాలా అరుదు. మాస్టారు చూడకపోలేదు. చూశాడు. కొరియర్ నవ్వడం చూశాడు, బావమరిది వెలిగే మొహం చూశాడు. చూసిందాన్ని కొలవలేదు. ఎంత బాగా కోశానా అని గీత వైపే చూసుకున్నాడు.

మర్నాడు వర్క్‌షాపులో స్కూలు చొక్కాల ఎడమ చేతులన్నీ రెండుసార్లు కోసి, కుడి చేతులు మరిచాడు. యజమాని వచ్చి, "ఏంటి మాస్టారూ, పిల్లలంతా ఎడంచేత్తోనే బడికెళ్తారా?" అన్నాడు. తేలు కుట్టిన దొంగలా నిలబడి, ఒంట్లో బాలేదని చెప్పి బయటపడ్డాడు. కాళ్లు నంబర్ ప్లేట్ల దుకాణం వైపు నడిచాయి.

బావమరిది స్టూలు మీద కూర్చుని తెల్ల పలక మీద నల్ల అంకె దిద్దుతున్నాడు. కళ్లెత్తి చూసి, మళ్లీ అంకె మీదికి దించుకున్నాడు.

"తప్పు నాదేరా," అన్నాడు మాస్టారు. దారి పొడుగునా పేర్చుకొచ్చిన మాటల్లో అదే ముందు బయటికొచ్చింది. "నీ మాంత్రికుణ్ని నేను పాడు చేశాను. పళ్లావిడతో ఫోన్‌లో మాట్లాడాను. నీ మూడు విద్యలూ నీకు తిరిగి ఇస్తుందట. గుసగుసతో సహా. ఇక నేను వేలు పెట్టను."

బావమరిది కుంచె కిరోసిన్ డబ్బాలో ముంచి, గుడ్డతో తుడిచాడు. తొందరపడలేదు. "నే... నేను వె... వెళ్తా, ఆదివారం," అన్నాడు.

మాస్టారు గుండెల మీంచి బరువు సగం దిగినట్టయింది. "మంచిది. చాలా మంచిది."

"నువ్వు రా..."

అక్కడ ఆగింది. రా అంటున్నాడు. నువ్వూ రా బావా అంటున్నాడు. వస్తానురా, ఎందుకు రాను అనే మాట మాస్టారు నాలుక చివరిదాకా వచ్చేసింది. పళ్లు బిగించాడు. వీధిలో ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. బావమరిది కళ్లు మూసుకున్నాడు, తెరిచాడు. మెడ నరం లేచింది. ఆ నరాన్ని చూస్తూ నిలబడడమంత కష్టమైన పని మాస్టారు ఈమధ్య చెయ్యలేదు.

"రా... రా... రావద్దు."

మాస్టారుకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఎటు చూడాలో తెలియక అంకె వైపు చూశాడు.

"ను... నువ్వుంటే," అన్నాడు బావమరిది, ఈసారి ముందుకు వంగి, గుసగుసగా, ఎక్కడా ఆగకుండా, "నా మాట నా నోట్లోంచి రాకముందే నీ నోట్లోకి పోతుంది బావా. నీకు కోపం రాకూడదు. కొన్నాళ్లు నేనొక్కణ్నే ఆడతాను."

"ఎన్నాళ్లు?"

బావమరిది భుజాలెగరేశాడు. అప్పుడే ఎవరో స్కూటర్ ఆపి ప్లేటు అడిగారు. అతను నంబరు రాసిమ్మని చిన్న కాగితం ముందుకు తోశాడు. మాస్టారు పక్కకు జరిగి, దారి ఇచ్చి, వచ్చేశాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆయన ఇంట్లోనే ఉన్నాడు. అందరూ బల్ల చుట్టూ చేరే వేళకు లేచి చొక్కా వేసుకున్నాడు, గుర్తొచ్చి విప్పేశాడు. తను ఆడే కత్తివీరుడు జ్వరమొచ్చి గుడారంలో పడుకున్నాడని పళ్లావిడ కథలో చెబుతుందట. కొరియర్ ఫోన్ చేసి ఆ కబురు చెప్పాడు. వెనకాల ఎవరో నవ్వుతున్నారు. ఆ నవ్వు ఎందుకో, ఎవరు ఏం చెబితే వచ్చిందో అడగాలని ప్రాణం లాగింది.

"వాడు వెళ్లాడా?" అంది భార్య, ఫోన్ పెట్టేశాక.

"వెళ్లాడట."

"మరి మీరు?"

"నన్ను రావద్దన్నాడు."

ఆవిడ ఆయన వైపు తిరిగింది. "కాగితం మీద రాసిచ్చాడా?"

"లేదు. నోటితోనే."

"మీరేమీ అందించలేదా?"

"లేదు."

మాస్టారు కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాడు. మంచి పని చేశానని తనకు తాను ఒకటి రెండుసార్లు చెప్పుకోబోయాడు గానీ, ఆ మాట సగంలోనే ఆగిపోయింది.