అటక మీది గడ్డిపొట్టు

తవ్వుడు బండి నడపడం కస్సియన్‌కు ఎవరూ నేర్పలేదు. చెడగొట్టి, బాగుచేసి, మళ్లీ చెడగొట్టి నేర్చుకున్నాడు. టిరోల్ కొండల్లోని ఆ లోయలో వేసవంతా నేల తవ్వేవాడు, చలికాలమంతా స్కీ వాలుల మీద మంచు చదును చేసే బండి నడిపేవాడు. ఇనప బకెట్ అంచుతో కోడిగుడ్డును పగలకుండా జరపగలడని ఊళ్లో పేరు. ఎవరైనా పొగిడితే "పని చూడండి, నన్ను కాదు" అనేవాడు. ఆ మాట అనడం మానేసి రెండేళ్లయింది.

రెండేళ్ల కిందట, స్కీ ఆడేవాళ్లను కొండ ఎక్కించే లిఫ్టుల కంపెనీ మేనేజరు రుపెర్ట్ ఒక ఆలోచన చెప్పాడు. ఎగుడుదిగుడు నేల మీద స్కీయింగ్ చెయ్యాలంటే మోకాలి లోతు మంచు కావాలి. నేల చదునుగా ఉంటే అందులో సగం చాలు. నీళ్లను మంచుగా మార్చి చిమ్మే ఫిరంగులు తక్కువ తిరుగుతాయి, వాగు నీళ్లు వాగులోనే ఉంటాయి, కరెంటు మిగులుతుంది. ఆలోచన మంచిదే. కానీ చదును చెయ్యాల్సిన వాలు నోట్‌బుర్గాది. ఆమె కస్సియన్ అన్న భార్య. అన్న పోయాక నాలుగు ఆవులతో, ఆ వాలు మీద కోసిన ఎండుగడ్డితో ఒంటరిగా నెట్టుకొస్తోంది. చలికాలంలో వాలును కంపెనీకి వదిలేది గానీ నేల మీద గునపం పడనిచ్చేది కాదు.

ఆమెను ఒప్పించింది కస్సియనే.

"వదినా, గడ్డిని వేళ్లూ మట్టితో సహా పెళ్లలు పెళ్లలుగా కోసి పక్కన పెడతాను. నేల సర్దాక ఎక్కడి పెళ్ల అక్కడే పరుస్తాను. నీ ఆవులకు కూడా తేడా తెలీదు."

"నీ చేతిపని కాబట్టి సరే అంటున్నా. ఆ రుపెర్ట్ వచ్చి అడిగుంటే కుక్కను వదిలేదాన్ని."

పెళ్లలు కోసినంతవరకు పని ముచ్చటగానే సాగింది. కోసిన పెళ్లను అదే రోజు, మహా అయితే మర్నాడు పరిచెయ్యాలి. ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు. కస్సియన్‌కు ఇది బాగా తెలుసు. ఇంతలో పైవాలులో నీళ్ల పైపు పని వెనకబడింది.

"గడ్డి ఎక్కడికి పోతుందయ్యా! ముందు పైకి రా," అన్నాడు రుపెర్ట్.

కస్సియన్ పెళ్లలను గుట్టగా పోసి, టార్పాలిన్ పట్టా కప్పి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి మూడు వారాలు. పట్టా లాగితే ఆవిరి లేచింది. గుట్టలోకి చెయ్యి పెట్టాడు. పేడదిబ్బలా వేడిగా ఉంది.

లోపలివన్నీ ఉడికి పసుపుపచ్చగా అయిపోయాయి. పైవరస మాత్రం బతికింది. ఆ బతికిన పెళ్లలను అతడు వాలు అంచున, నోట్‌బుర్గా నడిచే దారి పొడుగునా పరిచాడు. మధ్యలో కంపెనీ సంచుల్లోని విత్తనం చల్లాడు. అది పల్లపు పొలాల గడ్డి. "ఈ ఏడు కొయ్యకు వదినా, వేళ్లు పట్టనీ" అని ఆమెతో చెప్పాడు.

మరుసటి వేసవికి దారిలో నిలబడి చూసేవాళ్లకు వాలంతా పచ్చగా కనిపించింది. రుపెర్ట్ ఫొటో తీయించి ఆఫీసు గోడకు పెద్దగా వేలాడదీశాడు. వాగు నీళ్లు మిగిల్చామని వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. కస్సియన్ ఆ గోడకు వీపు పెట్టి కూర్చునేవాడు.

సంచి గడ్డి కొండచలికి నిలవలేదు. రెండో వేసవికి మట్టి బయటపడింది, వానలు దాన్ని చాళ్లుగా కోశాయి. ఆ చాళ్లు పూడాలంటే ఫిరంగులు ఈసారి మునుపటంత తిరగాలి. కస్సియన్‌ను అంతకన్నా తినేసింది మరొకటి. నోట్‌బుర్గా తప్పంతా తనదే అనుకుంటోంది.

"అదను తప్పి కోశానేమో. పేడ ఎక్కువ తోలానేమో. గడ్డికి వాసనే లేదు, ఆవులు మూతి తిప్పుకుంటున్నాయి. వసంతంలో వాటిని అమ్మేస్తాను," అంది ఆ అక్టోబరులో.

అప్పుడతడు ఆమె కొట్టం కప్పు మీద ఉన్నాడు. ఈ రెండేళ్లుగా పిలవకుండానే వచ్చి ఏదో ఒకటి బాగుచేసి పోతున్నాడు. నిచ్చెన దిగి నడుం పట్టుకుని నిలబడిపోయాడు.

"కంచె బాగుచేశావు, తలుపు బాగుచేశావు, ఇప్పుడు కప్పు. నీ నడుం ఎవరు బాగుచేస్తారు మరిదీ? వచ్చి కూర్చో."

ఆమె పొయ్యి మీద నీళ్లు పెట్టి, అటక మీంచి చిన్న గోనెసంచి దించింది. ఎండుగడ్డి అడుగున రాలే పూలు, గింజలు, పొట్టు మరిగించి, ఆ నీళ్లతో నొప్పులకు కాపడం పెట్టడం అక్కడి ఇళ్లలో అలవాటు.

"పాత గడ్డిది. నువ్వు తవ్వక ముందుది. అటక ఊడ్చి దాచా, ఇదే ఆఖరు. వాసన చూడు."

చూశాడు. అన్న బతికున్ననాటి కోతల వాసన. వేళ్లకు గింజలు తగిలాయి. ఆమె దోసిలి నిండా తీసి మరుగుతున్న నీళ్ల మీదికి చాచింది. కస్సియన్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దు వదినా."

"కాలుతుందని భయమా? ఇంత మనిషివి!"

"అది విత్తనం. నీ వాలుకు మిగిలింది అదొక్కటే."

చెప్పేశాడు. గుట్ట, పట్టా, ఆవిరి, సంచి విత్తనం. ఆమె దోసిలి అలాగే ఉంది.

"అంచున మంచి పెళ్లలు వేసింది నేను నడిచే దారి అనేనా?"

"అవును."

"కొయ్యకు అన్నదీ అందుకే?"

"అందుకే."

దోసిలి సంచిలోకి వంచి, వేళ్ల సందుల్లో మిగిలినవి కూడా దులిపింది. గిన్నె దించేసింది.

"మొన్న మీ అన్న సమాధి దగ్గర క్షమించమని అడిగాను, తెలుసా? నీ గడ్డిని చంపుకున్నానయ్యా అని."

కస్సియన్ సంచి అందుకోబోయాడు.

"లే. మంచు పడేలోగా చల్లాలి. నువ్వు ముట్టుకోకు, నీ చేతిని నేనిక నమ్మను. పళ్లకర్ర తెచ్చి నేల గీరు. ఈ చలికాలం నీ బండి దాని మీద ఎక్కదు."

"రుపెర్ట్ ఒప్పుకోడు."

"ఒప్పించు. నన్ను ఒప్పించలేదూ? ఆ ఫొటో ముందే నిలబడి ఎందుకో చెప్పు."

అతడు గీరుకుంటూ ముందు నడిచాడు, ఆమె చిటికెడు చిటికెడుగా చల్లింది. సగం వాలుకే సంచి ఖాళీ అయింది.

"మిగతాది?" అన్నాడు.

"ఇది మొలిస్తే దీని గింజే దానికి. మొలవకపోతే ఆవుల్ని అమ్మేస్తా."

బండి ఎక్కకుండా, చల్లినంత మేర చుట్టూ కస్సియన్ కర్ర మేకులు దిగ్గొట్టాడు. దెబ్బదెబ్బకీ నడుం కలుక్కుమంటోంది. ఆమె అంచు దారి వదిలి, గింజ మట్టిలో దిగేలా అడుగులు అదిమి వేస్తూ, మట్టి మధ్యగా దిగిపోయింది. కాపడం మాట మళ్లీ ఎత్తలేదు.

మర్నాడు కంపెనీ ఆఫీసులో కస్సియన్ తన కుర్చీని తిప్పి, ఫొటోకు ఎదురుగా వేసుకుని, రుపెర్ట్ కోసం కూర్చున్నాడు.