హారన్‌కు వచ్చే ఎలుగుబంటి

ఇసుకను చూసి మురిసిపోయే మనుషులంటే గురప్పకు ఒళ్ళుమంట. బొమ్మనహాళ్ దిక్కున ఇసుక దిబ్బల దగ్గర జీపు ఆపగానే వాళ్ళు చెప్పులు చేత్తో పట్టుకుని పైకి పరుగెత్తుతారు. పిల్లల్ని దొర్లిస్తారు. ఫోన్లు పైకెత్తి "ఎడారి! మన దగ్గరే ఎడారి!" అని కేకలు పెడతారు. ఎడారంట, ఎడారి! ఆ రెండో దిబ్బ కింద గురప్ప నాయన మూడెకరాల చేను ఉంది. గాలికి ఏటి ఇసుక ఏడాదికింత ఎక్కుతూ వచ్చి, గురప్పకు పదేళ్ళు నిండేసరికి గట్టుమీది రేగిచెట్టుతో సహా మింగేసింది. ఆ సంగతి అతను ఏ టూరిస్టుకూ చెప్పలేదు. చెబితే దాన్నీ వీడియో తీసుకుంటారు.

చేను పోయాక నాయన కూలికి పోయాడు. అమ్మ అంతకుముందే చనిపోయింది. అక్క రామక్కే గురప్పను సాకింది. అతను లారీ క్లీనరుగా మొదలై, ఇరవై ఏళ్ళు వేరుశనగ లోడ్లు తోలి, నడుము పట్టేశాక రాయదుర్గం దగ్గర ఒక రిసార్టులో జీపు డ్రైవరుగా చేరాడు. పొద్దున అనంతపురంలో జనాన్ని ఎక్కించుకోవాలి. కళ్యాణదుర్గం మీదుగా గాలిమరలు, జింకలు, మధ్యాహ్నానికి ఇసుక దిబ్బలు, సాయంత్రం ఎలుగుబంట్ల కొండ. రోజూ అదే తిరుగుడు.

జింకల దగ్గర ఇంకో రోత. అవి చేలో పడి వేరుశనగ చెట్లు పెరుక్కుని తింటుంటే రైతు గట్టుమీద నిలబడి గొంతు చించుకుంటాడు. జీపులోవాళ్ళు "కాసేపు అరవకండి అంకుల్, ఫోటో తీసుకుంటాం" అంటారు. ఆ మాట విన్న ప్రతిసారీ గురప్పకు రైతు పక్కన నిలబడి అరవాలనిపించేది. అయినా పళ్ళు బిగబట్టి స్టీరింగు పట్టుకునేవాడు.

కొండ దగ్గర మాత్రం అతను కూడా చేయి కలిపాడు. ఎలుగుబంటి మన టైముకు వస్తుందా? వరసగా మూడు రోజులు కనపడకపోయేసరికి రిసార్టు మేనేజరు ఉదయ్ కుమార్ పిలిపించాడు.

"గురప్పన్నా, వచ్చినోళ్ళంతా ఫోన్లో తిడతా రాస్తాండారు. బండమీద ఇంత బెల్లం, నూనె తీసిన శనగచెక్క పెట్టు. పెట్టి మూడుమార్లు హారన్ కొట్టు. పది దినాల్లో రుచి మరిగి అదే వస్తాది."

"అడవి జంతువుకు తిండి పెడితే కేసంట గదప్పా?"

"ఆడ ఎవురు చూస్తారన్నా?"

ఎవరూ చూడలేదు. పది రోజులు కూడా పట్టలేదు, హారన్ వినగానే ఎలుగు గుండురాళ్ళ మధ్యలోంచి ఊగుతూ దిగివచ్చింది. జీపులో జనం ఊపిరి బిగబట్టారు. "మీరు పిలిస్తే వస్తుందా అన్నా!" అని ఎవరో అంటే గురప్పకు ఛాతీ పొంగింది. సిగ్గుండాలి మనిషికి! జనం చేసే ప్రతి పనికీ ముఖం చిట్లించే ఆ పెద్దమనిషి ఆ పూట ఇంటికి ఈల వేసుకుంటూ పోయాడు. అలా రెండు నెలలు గడిచాయి.

అంతలో సీతాఫలాల కాలం వచ్చింది. రామక్క, ఇంకో అయిదుగురు ఆడవాళ్ళు అదే కొండకు అవతలి వైపు ఎక్కి కాయలు కోస్తారు. సాయంత్రం ఊళ్ళోని ఆంజి ఆటో తెచ్చి కింద హారన్ కొడితే బుట్టలు దించుతారు. ఒకరోజు రామక్క మోకాళ్ళు గీరుకుపోయి, జాకెట్టు చినిగి ఇంటికి వచ్చింది.

"ఎప్పుడూ మన అలికిడైతే పక్కకు పోయే ఎలుగే గదప్పా. ఈపొద్దు ఆంజిగాడు హారన్ కొడితే నేరుగా నా మీదికే దిగొచ్చినాది. గుండ్ల సందులో దూరి బతికినా. నా బుట్టలో మూతి పెట్టి అంతా తినిపోయినాది. దానికి ఏం తిక్క పట్టిందో!"

 తిక్క ఎవరికి పట్టిందో గురప్పకు తెలుసు.  "రేపట్నుంచి ఆ కొండకు పోవద్దక్కా" అని మాత్రం అన్నాడు.

"కాయలుండేది రెన్నెళ్ళు. పోకుంటే నువ్వు సాకుతావా?" అని రామక్క గాయాలకు పసుపు పెట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే గురప్ప ఉదయ్ కుమార్ దగ్గరికి పోయి, ఇక బెల్లం పెట్టనని చెప్పేశాడు. "నీ ఇష్టమన్నా. కనపడకుంటే వాళ్ళకు నువ్వే జవాబు చెప్పుకో" అన్నాడతను ఫోన్లోంచి తల ఎత్తకుండా.

ఆ రోజు ఎక్కింది భరత్, ప్రసూన అనే మొగుడూ పెళ్ళాలు. సాయంత్రం కొండకింద జీపు ఆపి గురప్ప చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పావుగంటకే వాళ్ళకు ఓపిక అయిపోయింది.

"హారన్ కొడితే వస్తుందట కదా? వీడియోలో చూశాం" అన్నాడు పక్క సీట్లోని భరత్.

"ఈపొద్దు రాదు సార్."

"మీరు కొట్టకపోతే ఎలా వస్తుంది?" అంటూ అతను చేయి చాపి మూడుసార్లు నొక్కేశాడు.

ఎలుగు దిగింది. ఖాళీ బండను వాసన చూసి, నాకి, చుట్టూ తిరిగింది. అప్పుడే కొండ అవతలి నుంచి ఆంజి ఆటో హారన్ వినపడింది. ఎలుగు తల తిప్పి అటు నడవసాగింది.

"అయ్యో, పోతోంది! ఇంకోసారి కొట్టండి!" అంది ప్రసూన.

ఆంజికి ఫోన్ చేద్దామంటే ఆ సందులో సిగ్నల్ అందదు. జీపులో చుట్టి పోయేసరికి ఎలుగు ముందే చేరుతుంది. గురప్ప హారన్‌మీద చేయి పెట్టి తీయకుండా నొక్కాడు. ఎలుగు ఆగి, వెనక్కి చూసింది. బండమీద ఏదో ఒకటి ఉండాలి. ప్రసూన ఒళ్ళోని మైసూర్ పాక్ డబ్బా లాక్కుని, జీపు దిగి, ఉన్నదంతా బండమీద కుమ్మరించి వచ్చాడు. ఎలుగు తిరిగివచ్చి చప్పరిస్తూ తినడం మొదలుపెట్టింది.

"సూపర్ అన్నా! అచ్చం పెంపుడు కుక్కలా వస్తోంది!" అని భరత్ అతని భుజం తట్టాడు. గురప్పకు ఆ చేతిని విరిచేయాలనిపించింది. అంతకంటే ముందు తన చేతిని. వేళ్ళకు అంటిన నెయ్యిని ప్యాంటుకు ఎంత తుడిచినా జిడ్డు పోవడం లేదు.  ఎలుగు కడుపు నింపుకుని గుండ్లలోకి ఎక్కిపోయేదాకా ఆగి, జీపును అవతలికి ఉరికించాడు.

ఆటో దగ్గర ఆడవాళ్ళు ఆరుగురూ క్షేమంగానే ఉన్నారు. జీపులో మొగుడూ పెళ్ళాలు వీడియో చూసుకుని నవ్వుకుంటున్నారు. గురప్ప దిగి, అందరి ఎదుటా చెప్పేశాడు. బెల్లం సంగతి, చెక్క సంగతి, ఈ పూట మైసూర్ పాక్ సంగతి కూడా.

"దానికి హారన్ అలవాటు చేసింది నేనేనక్కా. ఆపొద్దు ఆటోను నా జీపనుకోనే నీ మీదికొచ్చింది."

రామక్క అతన్ని కిందినుంచి పైకి చూసింది.  పక్కకు తిరిగి తుపుక్కున ఉమ్మి, బుట్టలు ఎత్తబోయింది. గురప్ప అడ్డం వచ్చాడు.

"రేప్పొద్దున ఫారెస్టోళ్ళ కాడికి పోయి నేనే చెప్తా. కేసు పెడితే పెట్టనీ."

"చెప్పప్పా. వాళ్ళకు చెప్పు, మీ మేనేజరుకు చెప్పు, ఊరందరికీ చెప్పు." ఆమె చివరి బుట్టను ఆటోలోకి నెట్టింది. "ఎలుగుకు ఎవురు చెప్తారు?"