పుచ్చు వంకాయలు

గుండెల మీద కుంపటి అంటారు. నా గుండెల మీద కొన్నేళ్ళుగా ఉన్నది ఓ సంచెడు వంకాయలు. నవ్వొస్తే నవ్వండి. మొదట్లో నేనూ నవ్వుకున్నాను. ఇంత చిన్న విషయం మనిషినేం చేస్తుందిలే అనుకున్నాను. నా పేరు మాత్రం చెప్పను. చెప్పే ధైర్యమే ఉంటే ఈ మాటలు మీకు కాక మా పక్కింటి నూకరాజుకి చెప్పేవాణ్ణి. అది లేదు కాబట్టే మీరు దొరికారు.

మాది గోదావరి జిల్లా. స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగం వచ్చి విశాఖపట్నం చేరాను. గాజువాక దాటాక పెదగంట్యాడ వైపు చిన్న ఇల్లు కట్టుకున్నాను. ఇక్కడికొచ్చిన మా వైపు వాళ్ళకి ఓ జబ్బుంది. నోరు తెరిస్తే కాలవలూ, వరిచేలూ, మా మట్టిలో పుల్ల గుచ్చినా చిగురేస్తుందనే కబుర్లూ. నాకా జబ్బు మరీ ముదిరింది. నిజానికి మా నాన్న రైసు మిల్లులో గుమస్తా. మాకు సెంటు భూమి లేదు. చిన్నప్పుడు నేను చేలోకి దిగానంటే అది క్రికెట్ బంతి కోసమే. అయినా ఈ ఊళ్ళో నేను రైతుబిడ్డని. ఎవరు చూడొచ్చారు?

ఇంటి వెనక పెరడు వేశాను. స్థలం మెరక చెయ్యడానికి పోయించిన రాళ్ళూ, సిమెంటు పెళ్ళలూ, వాటి మీద జానెడు ఎర్రమట్టి. అదీ నా పొలం. వంకాయ నిమ్మకాయంత అయ్యి అక్కడే ఆగిపోయి, పసుపుపచ్చగా ముదిరి ఊరుకునేది. బెండ మోకాలెత్తు కూడా ఎదగకుండానే ముసలిదయ్యేది. బీరపాదు పందిరంతా పాకి, ఒళ్ళంతా పూసి, ఒక్క పిందె నిలబెట్టకుండా రాల్చేది. సొరకాయ ఒకే ఒకటి కాసింది, దాన్ని ఉడతలు తిన్నాయి. గొర్రెల ఎరువు వేశాను, వేపపిండి వేశాను, ఫోన్లో ఎవడో చెప్పాడని పుల్లమజ్జిగ చల్లాను. ఏడాదికేడాది అదే దరిద్రం. ఆ మొక్కల్ని చూస్తే నాకు జాలి వేసేది కాదు, అసహ్యం వేసేది. నలుగురిలో నా పరువు తీస్తున్నాయని కోపం. పెరడు మొత్తం మీద నిజం చెబుతున్నవి ఆ మొక్కలేనని అప్పట్లో నాకు తట్టలేదు.

వీధిలో వాళ్ళు ఊరుకుంటారా? పెరటి కూరలేవి బాబూ, మాకు పెట్టవా అని అడిగేవారు. ఒకరోజు బజార్లో కొన్న వంకాయలే నాలుగిళ్ళకి పంచాను. పెరటివని చెప్పాను. ఏం పొగిడారో మీరు వినాలి. మందు కొట్టని కాయ రుచే వేరన్నాడో పెద్దమనిషి. ఎక్కడి నుంచో లారీలో వచ్చి, రాత్రంతా గోనెలో మగ్గిన కాయ అది. వాళ్ళ నాలుకల మీద నాకు ఆ రోజే గౌరవం పోయింది. కానీ ఆ పొగడ్త మాత్రం నాకు రుచించింది. మర్నాటి నుంచి అదే పని పెట్టుకున్నాను.

గాజువాక బజార్లో అన్నీ తెలిసిన మొహాలే. అందుకని పాత విశాఖలోని వన్ టౌన్ దాకా పోయేవాణ్ణి. ఆ సందుల్లో నన్నెరిగినవాడు లేడు. నున్నటి కాయలు తెస్తే అనుమానం వస్తుందని పుచ్చులున్నవే ఏరేవాణ్ణి. పురుగు తొలిచిన కాయంటే మందు కొట్టనిదని జనం నమ్మకం కదా. కూరలమ్మే ఆవిడ ఓసారి వింతగా చూసి, "పుచ్చులేరుకుంటన్నావేటి బాబూ? మంచియి ఇటున్నాయి కదా," అంది. ఆవుకి అన్నాను. ఇంటికొచ్చి వాటికి తడిమట్టి రాసేవాణ్ణి. చదువుకున్నవాణ్ణి, ఉద్యోగస్థుణ్ణి, పెరట్లో గొంతుక్కూర్చుని వంకాయలకి మట్టి పులిమేవాణ్ణి. తల్చుకుంటే ఇప్పటికీ నా మొహం మీద నాకే ఉమ్మాలనిపిస్తుంది.

మా గోడ అవతల ఇల్లు నూకరాజుది. బీరపాదు పందిరి అడ్డం కాబట్టి అటు నుంచి నా మొక్కలు కనిపించేవి కావు. సముద్రం మీద వేటకెళ్ళే కుటుంబం, ఓ బోటులో వాటా ఉంది. మొదటి రోజు నుంచీ నన్ను బావా అనే పిలిచాడు. ఆ వరసన వాళ్ళావిడ పోలమ్మకి నేను అన్నయ్యనయ్యాను. వేట నుంచి రాగానే ఇంటి కూరకని తీసుకొచ్చిన చేపల్లో మంచివి గోడ మీదుగా మాకొచ్చేవి. అడక్కుండా వంజరం ముక్కలు ఇచ్చే మనిషికి వంకాయలైనా ఇవ్వకపోతే ఎలా? అతను సముద్రంలో కష్టపడి పట్టింది ఇచ్చేవాడు. నేను సందులో ఏరింది ఇచ్చేవాణ్ణి. ఆ చేపలు ఎంత కమ్మగా ఉండేవో చెబితే ఇంకా సిగ్గుచేటు.

తర్వాత పోలమ్మకి రొమ్ములో గడ్డ లేచింది. క్యాన్సరన్నారు. ఆపరేషన్ చేసి, కీమో సూదులు మొదలుపెట్టారు. వాటితో ఆవిడకి చేపల వాసన పడకుండా పోయింది. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ చేపల మధ్య బతికిన మనిషి. మొగుడు గుమ్మంలోకొస్తే ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునేది. పాపం, నూకరాజు వీధి కుళాయి దగ్గరే సబ్బుతో ఒళ్ళు తోముకుని లోపలికెళ్ళేవాడు. ఏదీ ఇమడని ఆవిడకి నేనిచ్చిన వంకాయ కూర కాస్త ఇమిడింది. అన్నియ్య కాయల్లో ఇసం నేదు కాబట్టే ఇముడుతున్నాయని ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పేది. నేను వన్ టౌన్ వెళ్ళడం ఇంకా ఎక్కువ చేశాను. రోగి కోసం కదా అని నాకు నేనే భుజం తట్టుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. దీని కోసమే ఇంతసేపూ కూరగాయల కబుర్లు చెప్పాను. వాయిదా వేయడం నాకు బాగా వచ్చు.

ఒక మధ్యాహ్నం నూకరాజు గోడ దగ్గరికొచ్చి పిలిచాడు. "బావా, ఓపాలి రా. ఇదేటేటో సెప్తంది. నువ్వు సెప్తే ఇంటాది."

వెళ్ళాను. పోలమ్మ మడతమంచం మీద గోడకి ఆనుకుని కూర్చుంది. జుట్టు ఊడిన తలకి తువ్వాలు చుట్టుకుంది.

"ఇంక సూదులేయించుకోనన్నియ్యా. ఏసినప్పుడల్లా సచ్చి బతుకుతన్నాను. నీ కూర తింటన్నాకే కదా నాలుగు మెతుకులు లోనికెళ్తన్నాయి. దాంతోనే నాను లేత్తాను."

"మద్దెలో ఆపకూడదని డాట్రు మరీ మరీ సెప్పాడు బావా," అన్నాడు నూకరాజు.

"డాక్టరు మాట వినాలి చెల్లెమ్మా," అన్నాను. అనాలి కాబట్టి అన్నాను.

ఆవిడ నా మొహంలోకి సూటిగా చూసింది. "ఒక్కటి సెప్పన్నియ్యా. సింహాచలం అప్పన్న సాచ్చిగా సెప్పు. నీ కాయల మీద పురుగుమందు కొట్టనేదు కదా?"

"ఒక్క చుక్క కూడా కొట్టలేదమ్మా," అన్నాను.

"ఇన్నావా?" అంది మొగుడితో. "ఇంక నన్ను ఆస్పెటలుకి లాక్కెళ్ళకు."

నేను కొట్టలేదన్నది అబద్ధం కాదు కదా అని గుమ్మం దిగుతూ సర్దిచెప్పుకున్నాను. చూశారా ఎంత తెలివైనవాణ్ణో. ఆ కాయలు బజారువని ఒక్క మాట అంటే చాలు, నా వంకాయల మీద ఆవిడకున్న పిచ్చి నమ్మకం అక్కడికక్కడే విరిగేది. నన్ను తిట్టి, ఏడ్చి, సూదులకి వెళ్ళేదేమో. ఎందుకు అనలేదు? పరువు పోతుందని భయపడ్డానా? అంతే అయితే ఇన్నేళ్ళు ఇంతగా కుళ్ళిపోయేవాణ్ణి కాను. ఆ క్షణంలో నాకు లోపల ఆనందం వేసింది. డాక్టరు కంటే నన్నే నమ్మింది కదా అని, ఆ నమ్మకం నాకు వెచ్చగా తగిలింది. ఇదీ నేను ఎవరికీ చెప్పనిది. మా ఆవిడకి కూడా.

మా ఆవిడ ఆ సాయంత్రమే నిజం చెప్పేయమని పోరింది. పోలమ్మ ప్రాణం మీదికొచ్చాక కూడా మీకు వంకాయల డాబేమిటని అడిగింది. నా కూరలు మానేస్తే అన్నమే మానేస్తుందన్నాను. ఆ రోజు నుంచి నూకరాజిచ్చిన చేపలు మా ఆవిడ ముట్టలేదు. నేను తిన్నాను.

జబ్బు ఊపిరితిత్తులకి పాకాక పోలమ్మని మళ్ళీ ఆసుపత్రికి మోసుకెళ్ళారు. అప్పటికి అక్కడ చెయ్యగలిగింది పెద్దగా మిగల్లేదు. వానలు పడకముందే పోయింది. సూదులన్నీ వేయించుకుంటే బతికేదా? తెలియదు. ఆ తెలియదు అనే మాటని నేను ఎన్నాళ్ళు చప్పరించానో. డాక్టర్లకే తెలియనిది నాకేం తెలుస్తుంది అని. ఆవిడకి ఉన్న దారి మూసింది నేనని తెలుసుకోవడానికి డాక్టరీ చదవాలా?

పెద్దకర్మకి నా వంకాయలే వండాలని నూకరాజు అడిగాడు, దానికి ఇష్టం బావా అని. మళ్ళీ వన్ టౌన్ వెళ్ళాను. ఈసారి పుచ్చులు ఏరలేదు. బంధువులొస్తారు కదా, నిగనిగలాడేవే తెచ్చాను. విస్తళ్ళ ముందు కూర్చున్నవాళ్ళలో ఒక్కరికీ తేడా తెలియలేదు. తిని మెచ్చుకున్నారు. నేనూ వాళ్ళ పక్కనే కూర్చుని తిన్నాను.

ఆ తర్వాత పెరడంతా గచ్చు చేయించేశాను. మొక్కల్ని చూస్తే చెల్లెమ్మ గుర్తొస్తోందని చెప్పాను. నూకరాజు నమ్మి కళ్ళు తుడుచుకున్నాడు. పోలమ్మ నోటికి పట్టిన కాయ, ఇత్తనం పోగొట్టుకోకూడదు, నాకియ్యి అన్నాడు. ముదిరి పండిన కాయ ఒకటి బజారు నుంచి తెచ్చి, గచ్చుకి ముందే కోసి దాచానని ఇచ్చాను. ఆ గింజలు కడిగి ఎండబెట్టి, ఓ డబ్బాలో పోసి పోలమ్మ ఫొటో కింద పెట్టుకున్నాడు. చాలాకాలం అలాగే ఉన్నాయి. కిందటి వానలకి తీసి చల్లాడు.

కాశాయి. అదే ఎర్రమట్టి, నా గోడకి అవతల. కొమ్మలు వంగిపోయేంత కాశాయి.

వాళ్ళింట్లో ఏది మొదట చేతికొచ్చినా కొండెక్కి అప్పన్నకిచ్చాకే తింటారు. ఇవాళ పొద్దున నూకరాజు పళ్ళెం నిండా వంకాయలు గోడ మీద పెట్టాడు. తొలి కాయలు అప్పన్నకి కదా అన్నాను.

"అప్పన్న దాన్ని ఉంచనేదు బావా," అన్నాడు. "నువ్వు అదున్నన్నాళ్ళూ పెట్టావు. ముందు నీకే."

పళ్ళెం నా ఎదురుగా ఉంది. ఒక్కొక్కటీ తిప్పి చూశాను, ఎక్కడా పుచ్చు లేదు. అవతల అతను వల బాగుచేసుకుంటూ ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. గోడ నా భుజం ఎత్తు కూడా ఉండదు. నేను లేవను. నన్ను నేనెరుగుదును.

అవి నా పెరటివి కావు చెల్లెమ్మా. బజారువి. వెళ్ళి సూదులేయించుకో.

ఇంతే చెప్పాల్సింది. ఇన్నాళ్ళకి రాశాను, వినాల్సిన మనిషి లేకుండా పోయాక, వినకూడని మీకు. తేలికైందా అని అడుగుతారేమో. అయింది. నాకు అదే ఇంకా రోతగా ఉంది.