ఎర్ర నాచు, బాపు పాలు

గౌలిపురల మా బర్రెల పాలు తాగే ఇండ్లన్నిటినీ ఒక్క పొద్దుట్ల నోరెళ్లబెట్టించిన ఘనత నాది. ఇందుల బర్రెల తప్పేం లేదు.

అప్పుడు నేను డిగ్రీల బాటనీ. ల్యాబ్‌ల నా జోడీ పాషాకు ఆ రోజే వైవా, మెదడు మాత్రం ఖాళీ. పాపమని వానికి ఎర్ర నాచు ఆడ అవయవం గురించి వాయిస్ మెసేజ్ చేసిన. ఫోన్‌ల "పా" కొట్టంగనే ముందుగాల వచ్చిన పేరు మీద నొక్కి, స్నానానికి పోయిన. ఆ పేరు పాషా కాదు, "పాలు". మా బాపు దగ్గర పాలు పోయించుకునేటోళ్ల గ్రూపు.

అందుల నా గొంతు చెప్పింది ఇది: "మంచిగ విను. ఆడ అవయవం పేరు కార్పోగోనియం. సీసా లెక్క ఉంటది. మూతి మీద పొడుగు వెంట్రుక, దాన్ని ట్రైకోగైన్ అంటరు. మగకణాలకు ఈత రాదు, నీళ్లల్ల కొట్టుకొచ్చి ఆ వెంట్రుకకు అతుక్కుంటయి. నీళ్లు లేకుంటే పనే నడవదు. ఎవరన్న అడిగితే భయపడకు, నీళ్లేనని చెప్పు."

తల తుడుచుకుంట బయటికొస్తే వాకిట్ల జనం, వాళ్ల ఫోన్లల్ల నా గొంతు. ఆడ అవయవం మాట విని తిట్టనీకి వచ్చిన్రనుకున్న. ఆ ముక్క ఎవరికీ పట్టనేలేదు.

ఎదురింటి సరళత్త పాలగిన్నె ముందుకు చాపింది. "ఏందిరా, సీసల వెంట్రుక ఉన్నదంట?"

"అది నాచు వెంట్రుక, అత్తా."

"పాలల్ల నాచు గూడ ఉన్నదా?"

నయాపూల్ కోర్టుకు పోయే వకీల్ సాబ్ ఫోన్ చెవికాడ పెట్టుకొని, "నీళ్లేనని చెప్పు" కాడ ఆపిండు. "ఒప్పుకోలు బయాన్ అంటే గిదే, బేటా."

బాపు పాల బేరం నా కండ్లముందే మునుగుతున్నది. ఉరికి పుస్తకం తెచ్చి బొమ్మ చూపించిన. సరళత్త చూసి కొంగు అడ్డం పెట్టుకున్నది. సముద్రంల నాచు, మన బర్రె సముద్రం మొఖం చూడలేదు అని మస్తు సేపు మొత్తుకున్నంక నమ్మి, గిన్నెలు నింపుకొని పోయిన్రు.

గెలిచిననుకున్న. అప్పటిదాంక బర్రె ఎనుక కూసున్న బాపు లేచొచ్చిండు. మొఖం తెల్లగ పాలిపోయింది. చెవిల మెల్లగ అడిగిండు: "అంత బాగనే సర్దినవు గని, నీళ్ల సంగతి నీకెవరు చెప్పిన్రురా?"

పాషా ఫెయిలయిండు. నేను బర్రె కొమ్ము పట్టి ఒట్టేసిన. ఇగ మా ఇంట్ల ఎర్ర నాచు ఊసెత్తను. ఆడ అవయవాల గురించి చెప్పక తప్పకుంటే, ఫంగస్‌ల ఉండే ఆస్కోగోనియం గురించే చెప్త. దానికి గూడ గట్లనే వెంట్రుక ఉంటది గని, నీళ్లల్ల కొట్టుకొచ్చే లొల్లి లేదు.